పసివాణ్ణి కరిచిన కుక్కను ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. మేము హైదరాబాదు శివార్లలో సొంత ఇంట్లో ఉంటున్నాము. పై వాటాలో అద్దెకున్నవారి ఆరేళ్ళ బాబును మొన్న ఆదివారం సాయంత్రం మా కుక్క బ్రౌనీ కరిచింది. అది నాలుగేళ్ళ మగకుక్క. వీధిలో దొరికిన పిల్లను మా అమ్మాయి తెచ్చి పెంచుకున్నది. వరండాలో పెరుగన్నం తింటుండగా బాబు వెనుకనుంచి వచ్చి దాని మెడ చుట్టూ చేతులు వేశాడు. అది గిర్రున తిరిగి చెంప మీద కరిచి వెంటనే వదిలేసింది. చెంపలో రెండు పళ్ళు దిగాయి, ముంజేయి గీరుకుపోయింది. మా అత్తగారు నీళ్ళతో కడిగి పసుపు అద్దారు. మరునాడు వీధి చివర క్లినిక్కులో టీటీ ఇంజెక్షనూ, కుక్కకాటు టీకా మొదటి డోసూ వేశారు. బ్రౌనీకి చిన్నతనంలో రెండుసార్లు టీకా వేయించాము గాని తరువాత అశ్రద్ధ చేశాము. ఇప్పుడు ఇంట్లో తలో మాట అంటున్నారు. బాబు తండ్రి కుక్కల బండికి పట్టించకపోతే పోలీసు కేసు పెడతానంటున్నారు. మా వారు రాత్రివేళ కారులో తీసుకువెళ్ళి ఎక్కడైనా దూరంగా వదిలేసి వద్దామంటున్నారు. డల్లాసులో ఉండే మా ఆడపడుచు, అమెరికాలో అయితే కరిచిన కుక్కను వెంటనే చంపేస్తారని చెప్పింది. మా పదేళ్ళ అమ్మాయి అన్నం ముట్టడం లేదు. పిల్లవాణ్ణి కరిచిన కుక్క నిజానికి ఏమవుతుంది? మేము ఏం చేస్తే న్యాయం?

— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం మంగళవారం రాత్రి అందింది. బుధవారం ఉదయమే ఫోనులో మీతో రెండు మాటలు చెప్పాను. బాబును ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళి గాయంలో సీరం వేయించమన్నది మొదటిది. బ్రౌనీని ఎవరికీ అప్పగించకుండా, ఎక్కడా వదలకుండా, కట్టేసి పది రోజులు కళ్ళెదుట ఉంచుకోమన్నది రెండవది. ఆ పది రోజులూ పూర్తయ్యాయని, కుక్క ఎప్పటిలాగే తిని తిరుగుతున్నదని నిన్న మీరు కబురు చేశారు. అయినా మీరడిగిన అసలు ప్రశ్న అలాగే ఉన్నది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి, వాటిలో చాలావరకు కుక్కను చంపేసిన తరువాతో వదిలేసిన తరువాతో రాసినవే. అందుకే ఫోనులో చెప్పిన మాటలకు కారణాలు కూడా కలిపి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కుక్క సంగతికి ముందు బాబు సంగతి చెప్పాలి. చర్మం చిట్లి రక్తం వచ్చిన కాటును వైద్యులు మూడవ శ్రేణి గాయంగా లెక్కిస్తారు. దానికి టీకా ఒక్కటే సరిపోదు. టీకా వేసిన తరువాత ఒంట్లో రక్షక కణాలు మేల్కొని ప్రతిరక్షకాలను తయారు చేసుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో గాయంలో ఉన్న రేబిస్ (పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే జబ్బు) వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకోవడానికి సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలను నేరుగా గాయంలోకీ, గాయం చుట్టూ ఎక్కించాలి. వాడుకలో సీరం అంటున్నది ఈ ఇమ్యునోగ్లోబ్యులిన్‌నే. గుర్రం నుంచి తీసినదైతే కిలో బరువుకు 40 యూనిట్లు, మనిషి నుంచి తీసినదైతే 20 యూనిట్లు చొప్పున లెక్కగట్టి వేస్తారు. మొదటి రోజు వేయకపోయినా, టీకా మొదటి డోసు పడిన ఏడు రోజులలోపు వేయవచ్చు. మీరు వెళ్ళిన క్లినిక్కులో ఆ మాటే ఎత్తలేదు కాబట్టి మిమ్మల్ని అంత తొందరపెట్టవలసి వచ్చింది. చెంప మెదడుకు చాలా దగ్గర. కాలి పిక్క మీద పడిన కాటుకు ఉండే వ్యవధి ముఖం మీద పడిన కాటుకు ఉండదు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడిన తరువాత బతికి బయటపడిన మనుషులను ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. లక్షణాలు రాకముందు పద్ధతిగా చికిత్స జరిగితే మాత్రం ఈ జబ్బును పూర్తిగా ఆపవచ్చు.

మీ అత్తగారు పసుపు అద్దినందుకు ఎవరూ ఆమెను నిందించవద్దు. దెబ్బ తగిలితే పసుపు పెట్టడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. అయితే కుక్కకాటుకు మాత్రం పసుపు, సున్నం, కారం, కాఫీపొడి, ఆకుపసరు ఏవీ పనికిరావు, పైగా గాయాన్ని రేపి హాని చేస్తాయి. ధారగా పడే పంపు నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడాన్ని మించిన ప్రథమ చికిత్స లేదు. ఈ వైరస్ పైపొరను సబ్బు కరిగించి దాన్ని నిర్వీర్యం చేస్తుంది. పదిహేను నిమిషాలంటే గడియారం చూసి పదిహేను నిమిషాలు కడగాలి. ఏడుస్తున్న పిల్లవాణ్ణి అంతసేపు పంపు కింద పట్టుకోవడం తల్లికి ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా పట్టుకోవాలి. బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజెక్షన్లు వేస్తారన్న పాత భయం కొన్ని ఇళ్ళలో ఇంకా పోలేదు. ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మం పొరల మధ్య చాలా చిన్న మోతాదుగా 0, 3, 7, 28 రోజులలో నాలుగుసార్లు వేస్తారు, దానికి రుసుము లేదు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కూ, పాతవాళ్ళు కోరంటి దవాఖానా అని పిలిచే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికీ ఏళ్ళ తరబడి జనం వెళుతున్నది ఇందుకే.

ఇక కుక్క సంగతికి వస్తాను. పది రోజులు అన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, దాన్ని చంపకూడదని ఎందుకన్నానో మీ ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. రేబిస్ వైరస్ కాటు పడిన చోటి నుంచి నరాల వెంట నెమ్మదిగా మెదడుకు ప్రయాణిస్తుంది. ఆ ప్రయాణానికి వారాలో నెలలో పట్టవచ్చు, అంతకాలమూ ఆ కుక్క కరిచినా జబ్బు అంటదు. మెదడుకు చేరిన తరువాతే వైరస్ మళ్ళీ నరాల గుండా లాలాజల గ్రంథులకు దిగుతుంది, అప్పుడే చొంగలో కనిపిస్తుంది. ఆ దశకు వచ్చిన కుక్క ఆయువు ఇక కొద్ది రోజులే. లక్షణాలు పైకి కనబడేవరకో, అది చనిపోయేవరకో పట్టే సమయం పది రోజులు దాటదు. కాబట్టి కరిచిన నాటి నుంచి పదవ రోజున కుక్క ఆరోగ్యంగా ఉన్నదంటే, కరిచిన క్షణంలో దాని చొంగలో వైరస్ లేదని నిశ్చయంగా చెప్పవచ్చు. ఇంత స్పష్టమైన పరీక్ష బతికి ఉన్న కుక్క మీద మరొకటి లేదు. ఈ పది రోజులూ ఆ కుక్క ప్రాణం బాబు తరఫు సాక్ష్యం. దాన్ని కోపంతో చంపినా, చీకటిలో వదిలేసి వచ్చినా పోయేది పిల్లవాడి సాక్ష్యమే.

చంపిన కుక్కకు పరీక్ష ఉండదా అని మీ వారు ఫోనులో అడిగారు. ఉంటుంది, కాని దానికి మెదడు చెక్కుచెదరకుండా దొరకాలి. మన ఊళ్ళలో కుక్కను చంపేది తల మీద కొట్టే. చాలా ఏళ్ళ క్రితం నేను కృష్ణా డెల్టాలో ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో పనిచేస్తుండగా, ఒక తల్లి ఐదేళ్ళ పాపను చంకనెత్తుకుని నా దగ్గరకు వచ్చింది. పాపకు మనుషుల ఆసుపత్రిలో సూదిమందు మొదలుపెట్టారు. ఆమె నన్ను అడగడానికి వచ్చింది ఒక్కటే, ఆ కుక్కకు పిచ్చి ఉందా లేదా అని. ఆ కుక్కను కరిచిన గంటలోపే కర్రలతో కొట్టి కాలవలో పారేశారు. నేను చెప్పగలిగినది ఏమీ లేకపోయింది. పాపకు చికిత్స పూర్తిగా జరిగింది, ఏమీ కాలేదు. కాని ఆ తల్లి తరువాత ఏడాది పొడుగునా, పాప నీళ్ళు తాగుతూ పొలమారినా చాలు, బస్సెక్కి మా ఆసుపత్రి మెట్ల మీదికి వచ్చి కూర్చునేది. ఆ కుక్కను పది రోజులు కట్టేసి ఉంచి ఉంటే ఆమెకు ఆ ఏడాది భయం తప్పేది.

దూరంగా వదిలేయడం చంపడం కన్నా దయ గలదని మీ వారు అనుకొని ఉంటారు. అది అంతకన్నా చెడ్డదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒకవేళ ఆ కుక్కకు జబ్బు ఉండి ఉంటే, దాన్ని మీరు ఏ పేటలో దింపి వచ్చేవారో ఆ పేట పిల్లల మధ్యకు మీ చేతులతో జబ్బును చేర్చినట్టు అయ్యేది. జబ్బు లేకపోతే, నాలుగేళ్ళు మీ వరండాలో పెరుగన్నం తిని పెరిగిన జీవి తెలియని వీధిలో అక్కడి కుక్కల గుంపు మధ్య ఆకలితోనూ భయంతోనూ మిగిలేది. భయపడిన కుక్క మరింత తేలికగా కరుస్తుంది. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. మొదటిసారి నేరానికి ఆ చట్టం వేసే జరిమానా నేటికీ 10 నుంచి 50 రూపాయల మధ్యే ఉన్నదన్నది విచారకరమైన విషయం. కాని జరిమానా చిన్నదని తప్పు చిన్నదైపోదు.

మీరు ఆ పది రోజులూ చేసినవాటిలో రెండు మూడు విషయాలు ఇతర పాఠకుల కోసం చెప్పాలి. బ్రౌనీని వెనుక గదిలో గొలుసుతో కట్టి, మీరొక్కరే అన్నం పెట్టి, పళ్ళేన్ని కర్రతో ముందుకు జరిపి, అమ్మాయిని దగ్గరకు రానివ్వలేదు. ఇది సరైన పద్ధతి. మంచినీళ్ళు పెట్టి, తాగింది కాబట్టి పిచ్చి లేదని మూడవ రోజునే నిశ్చింత పడిన మీ మామగారి మాట మాత్రం సరికాదు. నీటిని చూసి వణకడం రేబిస్ సోకిన మనుషులలో కనబడే లక్షణం, జబ్బు చేసిన కుక్క నీటి దగ్గరకు మామూలుగానే వెళ్ళవచ్చు. చూడవలసినవి వేరే ఉన్నాయి. ఎప్పుడూ ఎదురొచ్చే కుక్క మంచం కిందికి, చీకటి మూలకు పోయి దాక్కోవడం, మొరుగు బొంగురుపోవడం, మట్టినీ కర్రనీ గొలుసునీ కొరకడం, వెనుక కాళ్ళు తూలడం, దవడ జారిపోయి చొంగ కారడం వంటి మార్పులలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. దవడ జారిన కుక్క గొంతులో ఎముక అడ్డుపడిందేమోనని నోట్లో చేయి పెట్టి వెతికిన యజమానులను నేను చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. పిచ్చి అంటే వీధి వెంట పరుగులు తీస్తూ అందరినీ కరవడమే అని మనకొక భావన ఉన్నది. మూగగా మూలన పడి ఉండి పోయే రేబిస్ కూడా ఉంటుంది, ఇంటివారికి అదే ఎక్కువ ప్రమాదం. గమనింపులో ఉన్న పది రోజులలో కుక్క చనిపోతే పాతిపెట్టకుండా పశువైద్య శాఖవారికి తెలియజేయాలి, వారు మెదడు నమూనాను పరీక్షకు పంపుతారు. అలాగే, కరిచిన మరునాడే కంగారుగా కుక్కకు టీకా వేయించే పని కూడా పెట్టుకోకూడదు. టీకా వల్ల కలిగే నలతనూ జబ్బు లక్షణాన్నీ విడదీసి చూడటం కష్టమవుతుంది, పైగా అప్పటికే లోపల జబ్బు ఉంటే ఆ టీకా దాన్ని ఆపదు.

ఇక చట్టం సంగతి. ఒకసారి కరిచినంత మాత్రాన కుక్కను చంపాలని చెప్పే చట్టం మన దేశంలో లేదు. బాధ్యత యజమానిది. తన జంతువు వల్ల మనిషి ప్రాణానికి గాని ఒంటికి గాని హాని జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కనుక బాబు తండ్రిగారు కేసు పెడతాననడం బెదిరింపు అని మీరు అనుకోవద్దు, అది ఆయన హక్కు. మీరు టీకాలు అశ్రద్ధ చేశారు, అందరూ తిరిగే వరండాలో కుక్కను విడిచి అన్నం పెట్టారు. ఈ రెండూ మీవైపు ఉన్న లోపాలు. ఆయన దగ్గరకు వెళ్ళి వాటిని మీ నోటితోనే ఒప్పుకోవడం మంచిది. మరోవైపు, కోపంతో ఎవరైనా కుక్కను విషం పెట్టో కొట్టో చంపితే అది కూడా నేరమే, 325వ సెక్షను కింద ఐదేళ్ళ వరకు శిక్ష ఉన్నది.

మీ ఆడపడుచు గారు చెప్పినది పూర్తిగా నిజం కాదు. ఆవిడ ఉంటున్న టెక్సాస్ రాష్ట్రంలోనే కరిచిన కుక్కను సాధారణంగా 240 గంటలు, అంటే మన లెక్కకు సరిగ్గా పది రోజులు, విడిగా ఉంచి గమనిస్తారు. తీవ్రంగా గాయపరిచిన కుక్కల విషయంలో అక్కడి చట్టం మనకన్నా కఠినంగా ఉంటుంది, కోర్టు విచారణ తరువాత చంపివేయమని ఆదేశించే సందర్భాలూ ఉన్నాయి. కాని అక్కడ కూడా పద్ధతి గమనింపుతోనే మొదలవుతుంది.

ఇదే కాటు వీధికుక్కది అయి ఉంటే ఏమయ్యేదని కూడా మీరు ఫోనులో అడిగారు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, ఫిర్యాదు అందిన కుక్కను మునిసిపాలిటీవారు పట్టి విడిగా ఉంచి పరిశీలించాలి. రేబిస్ అని గట్టి అనుమానం ఉంటే అది సహజంగా మరణించేవరకు ఒంటరిగా ఉంచాలి, లేకపోతే సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా పూర్తిచేసి పట్టిన చోటనే వదలాలి. ఈ చివరి మాట మీదనే దేశంలో ఇంత వాదం నడుస్తున్నది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుణ్ణి వీధికుక్కలు చంపినప్పుడు, ఆ దృశ్యాలను చూసిన తల్లిదండ్రులెవరూ ఈ నియమాన్ని ప్రశాంతంగా వినగల స్థితిలో లేరు. వారి బాధను తప్పు పట్టే హక్కు నాకు లేదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాలలోని వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. అదే నెల 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సవరించి, శస్త్రచికిత్స, టీకా అయిన కుక్కలను తెచ్చిన చోటికే వదలాలని, రేబిస్ సోకినవాటినీ, సోకిందని అనుమానం ఉన్నవాటినీ, దూకుడుగా ప్రవర్తించేవాటినీ మాత్రం వదలకూడదని చెప్పింది. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలలోని కుక్కలను తొలగించి తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాది సెప్టెంబరులో, రెచ్చగొట్టకుండానే రెండవసారి కరిచిన వీధికుక్కను జీవితాంతం కేంద్రంలో ఉంచాలన్న ఉత్తర్వు ఇచ్చింది. కరిచిన కుక్కకూ కరవని కుక్కకూ తేడా చూడాలి, రెచ్చగొడితే కరిచిందా ఊరకే కరిచిందా అన్నది విచారించాలి అన్న ఆలోచన వీటిలో ఉన్నది. పశువైద్యునిగా నాకు అది సమంజసంగా తోస్తున్నది. అయితే పట్టే మనుషులు, ఉంచే చోటు, శస్త్రచికిత్సలు చేసే వైద్యులు తగినంత మంది లేనిచోట ఏ ఉత్తర్వయినా కాగితం మీదే మిగులుతుంది.

ఇప్పుడు మీ బ్రౌనీ. జబ్బు లేదని తేలింది గనుక, ఎందుకు కరిచింది, ఎలా కరిచింది అన్న రెండు ప్రశ్నలు మిగిలాయి. తింటున్న కుక్కను వెనుకనుంచి కౌగిలించుకోవడం ఆరేళ్ళ పిల్లవాడికి ప్రేమ చూపించడం. కుక్కకు మాత్రం అది తిండి లాక్కోవడానికి మీద పడటమే. తిండి దగ్గర బిగుసుకుపోవడం, ఓరగా చూడటం, గుర్రుమనడం అంతకు ముందే ఉండి ఉండాలి. గుర్రుమన్నందుకు మీ వారు దాన్ని చెప్పుతో కొట్టేవారని మీరు ఫోనులో మాటవరసకు అన్నారు. నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. అన్నిసార్లు దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది గాని దాని భయం పోదు. తరువాత ఒక రోజు హెచ్చరించకుండానే కరుస్తుంది. మీ ఇంట్లో జరిగినది అదే అయి ఉండవచ్చు.

ఎలా కరిచిందన్నది అంతకన్నా ముఖ్యం. కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసిన ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కాటును ఆరు మెట్లుగా విభజించారు. పళ్ళు తగలకుండా గాలిలో కొరకడం మొదటి మెట్టు, తగిలినా గుచ్చుకోకపోవడం రెండవది. ఒకే కాటులో ఒకటి నుంచి నాలుగు గాట్లు పడి, అవి కోరపంటి పొడవులో సగానికి మించకపోతే మూడవది. అంతకన్నా లోతుగా దిగడం, పట్టుకుని విదిలించడం నాలుగవది. మళ్ళీ మళ్ళీ కరవడం ఐదవది, ప్రాణం తీయడం ఆరవది. ఇంత పెద్ద కుక్క తలచుకుంటే ఆరేళ్ళ పిల్లవాడి చెంపను చీల్చివేయగలదు. మీదైన ఈ కుక్క ఒక్కసారి కరిచి వదిలేసింది, రెండు గాట్లు పడ్డాయి, లోతు తక్కువని ఆసుపత్రివారు రాశారు. ఇది మూడవ మెట్టు. ఈ మెట్టు కుక్కలను జాగ్రత్తతో ఇంట్లో ఉంచుకోవచ్చన్నది నా అనుభవం. నాలుగు, ఐదు మెట్లయితే, పిల్లలున్న ఇంట్లో దాన్ని ఉంచమని నేను ఏ తల్లికీ చెప్పను. అలాంటి కుక్క మత్తుతో నొప్పి లేకుండా కన్నుమూసేలా చేయడమే మంచిదని నా ఉద్యోగకాలంలో కొందరు యజమానులకు చెప్పవలసి వచ్చింది. చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయినా కుక్కను ప్రేమించడమంటే అది ఎవరిని గాయపరిచినా సరే బతకాలని కోరడం కాదు.

బ్రౌనీని ఉంచుకుంటే మీ ఇంటి పద్ధతి మారాలి. దాని అన్నం ఇకమీదట తలుపు వేసిన గదిలో పెట్టాలి, తిని లేచి పళ్ళెం తీసేవరకు ఎవరూ లోపలికి పోకూడదు. వరండాకూ పై వాటా మెట్లకూ మధ్య గడియ ఉన్న గేటు ఈ వారంలోనే పెట్టించండి. గేటు దాటితే మెడకు పట్టా, మూతికి చిక్కం ఉండాలి. చిక్కంలో అది నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్ళు తాగగలగాలి, కాబట్టి గుడ్డతో బిగించే రకం వద్దు, బుట్ట అల్లికలా ఉండేది తీసుకోండి. గమనింపు గడువు తీరింది గనుక రేబిస్ టీకా ఇప్పుడు వేయించి, ఏటా అదే నెలలో తప్పక వేయించండి. మునిసిపల్ లైసెన్సు కూడా తీసుకోండి. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించడం మంచిదే, గోడదూకి వీధులు తిరగడమూ కుక్కలతో కొట్లాటలూ తగ్గుతాయి. అయితే తిండి దగ్గర కాపలా కాసే గుణం దానితో పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ గుణాన్ని మెల్లగా, కొట్టకుండా మాన్పించే శిక్షకులు ఇప్పుడు హైదరాబాదులో ఉన్నారు. కర్రతో నేర్పేవారి దగ్గరకు మాత్రం వెళ్ళకండి.

ఇదంతా చేయలేమని మీకు అనిపిస్తే నిజాయితీగా ఒప్పుకోండి, అందులో సిగ్గుపడవలసినది లేదు. ఒకే ఆవరణలో ఆరేళ్ళ పిల్లవాడూ కుక్కా ఉన్నప్పుడు రోజుకు పదిసార్లు గేటు వేయాలి, ఒక్కసారి మరిచినా చాలు ప్రమాదానికి. అలాంటప్పుడు చిన్నపిల్లలు లేని, ఆవరణ ఉన్న ఇంటికి ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు జరిగినదంతా కాగితం మీద రాసి ఇవ్వండి. కరిచిన సంగతి దాచి ఇచ్చిన కుక్క రెండవసారి కరిచిన ఇళ్ళు నాకు తెలుసు. అప్పుడు కుక్కను నిలబెట్టేవారు ఎవరూ మిగలరు. బాబు తల్లిదండ్రులు ఈ కుక్క కింద ఉండగా తాము ఉండలేమంటే, వారిని ఇల్లు ఖాళీ చేయమనడం న్యాయం కాదని నా అభిప్రాయం. గాయపడినది వారి బిడ్డ. వెళ్ళవలసి వస్తే కుక్కే వెళ్ళాలి.

చివరగా పిల్లలిద్దరి గురించి. బాబుతో "నువ్వెందుకు దాని దగ్గరకు వెళ్ళావు" అన్న మాట ఎవరూ, ముఖ్యంగా మీ ఇంట్లోవారు, అనకూడదు. ఆరేళ్ళవాడు కుక్క చూపులు చదవలేడు. కనిపెట్టి ఉండవలసినది పెద్దవాళ్ళు. కొన్నాళ్ళు పోయాక, తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క దగ్గరకు పోకూడదని వాడికి కథలా చెప్పండి. భయం పోగొట్టాలని బలవంతంగా బ్రౌనీ తల నిమిరించే ప్రయత్నం మాత్రం వద్దు. మీ అమ్మాయికి, తన కుక్క చెడ్డది కాదని ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. బాబుకు నొప్పి కలిగిందని, అది మన ఇంట్లో జరిగిందని, కాబట్టి చూసుకోవలసినదీ మనమేనని కూడా చెప్పండి. పదేళ్ళ పిల్లకు ఈ రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

కుక్క క్షేమంగా ఉన్నదని తేలింది కదా, ఇక ఇంజెక్షన్లు ఎందుకని పై వాటావారు అనుకునే అవకాశం ఉన్నది. మధ్యలో ఆపవద్దని చెప్పండి. వరుస పూర్తయితే, బాబును భవిష్యత్తులో మరే కుక్క కరిచినా రెండు డోసులతో సరిపోతుంది, ఆ బాధాకరమైన సీరం అవసరం ఉండదు. మొదటి డోసు పడిన సోమవారాన్ని సున్నాగా లెక్కపెడితే 28వ రోజు కూడా సోమవారమే వస్తుంది. ఆ రోజు ఆటోకు డబ్బులిచ్చి పంపడం కాకుండా, మీరూ మీ వారూ పొద్దున్నే వారి వెంట ఆసుపత్రికి వెళ్ళండి.